కూనూరు ఆకు టీ తిరుపతికి వచ్చాక ఎందుకు వగరెక్కింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నీలగిరి కొండల్లోని కూనూరు వెళ్ళినప్పుడు ఒక టీ ఫ్యాక్టరీ దగ్గర తాగిన టీ నచ్చి పావుకిలో ఆకు టీ కొన్నారు. తిరుపతి వచ్చాక ఇంట్లో రోజూ పెట్టే పద్ధతిలోనే పాలూ నీళ్ళూ కలిపి మరిగించారు. రంగు రాలేదు. ఇంకాసేపు మరిగిస్తే వగరొచ్చింది. పాలు లేకుండా పెట్టి చూస్తే పైన తెట్టు కట్టింది. కల్తీ సరుకు అంటగట్టారా, పెట్టడంలో తేడానా? ఏ ఊరి టీ ఎలా ఉంటుంది, మనకు ఏది పనికొస్తుంది?

మోసం జరగలేదనే నా నమ్మకం. రంగు కలిపిన సరుకైతే నీళ్ళు తగలగానే రంగు దిగిపోతుంది, మీ ఇబ్బందేమో రంగు రాకపోవడం. తప్పు ఆకుది కాదు, పెట్టిన తీరుది, అంతకంటే ఎక్కువగా మన నీళ్ళది.

ముందు ఇలా ఒకసారి పెట్టి చూడండి. ఒక కప్పుకి, అంటే 150 మి.లీ. నీళ్ళకి, 2 నుంచి 2.5 గ్రాముల ఆకు. బోరు నీళ్ళు వద్దు. నీళ్ళు విడిగా తెర్లనిచ్చి, స్టవ్ కట్టేసి, ఒక నిమిషం ఆగాక ఆకు వేసి మూత పెట్టండి. మూడున్నర నిమిషాలకి వడగట్టేయండి. మొదటిసారి పాలు, చక్కెర ఏమీ వేయకుండా నాలుగు గుటకలు తాగండి. మీకు కూనూరులో నచ్చిన రుచి ఇదో కాదో అప్పుడే తెలిసిపోతుంది.

నేను చిత్తూరులో లూజు టీ పొడి అమ్ముతాను. అంతకుముందు కూనూరులో ఒక బ్లెండింగ్ గోడౌనులో పనిచేశాను. మీలాంటి ఫిర్యాదు నా కొట్టుకు తరచూ వస్తుంది కాబట్టి కారణాలు కూడా రాస్తాను.

మన ఇళ్ళలో, టీ బండ్ల దగ్గర వాడేది సీటీసీ పొడి. వాడిపోయిన ఆకుని పళ్ళున్న ఉక్కు రోలర్ల మధ్యకి పంపిస్తే అది నలిగి, చిరిగి, చిన్న చిన్న గుళికలుగా చుట్టుకుని బయటకొస్తుంది. 1930 ప్రాంతంలో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ అనే ఆయన తయారుచేసిన యంత్రం ఇది. ఈ రోజు మన దేశంలో తయారయ్యే టీలో నూటికి ఎనభైకి పైగా ఈ రకమే. ఆకులోని కణాలన్నీ అప్పటికే చితికిపోయి ఉంటాయి గనక పాలల్లో వేసినా, అల్లంతో కలిపి కుతకుతా ఉడికించినా రంగూ బలమూ ఇట్టే దిగిపోతాయి. పాలూ చక్కెరా మోయగలిగేలా తయారుచేసిన సరుకు అది. దాన్ని నేను చిన్నచూపు చూడను. నా ఇంట్లో పొద్దున పూట తాగేది అదే.

మీరు కొన్నది ఆర్థడాక్స్ రకం. రెండాకులూ ఒక మొగ్గా కోసి తెచ్చి, పొడవాటి తొట్లలో పరిచి, కింద నుంచి గాలి పంపుతూ ఒక రాత్రంతా, అంటే పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు వాడనిస్తారు. తర్వాత రోలింగ్ టేబుల్ మీద నలుపుతారు. ఇక్కడ ఆకు మెలి తిరుగుతుంది గానీ గుళికలా చితికిపోదు. అలా మెలి తిరిగిన ఆకుని చల్లటి గదిలో పలచగా పరిచి ఉంచితే గాలి తగిలి పచ్చరంగు పోయి రాగిరంగు వస్తుంది. ఆ గది వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేరు. ముందు కోసిన గడ్డి వాసన, కాసేపటికి కోసిన ఆపిల్ లాంటి తీపి వాసన. ఆ వాసన పట్టుకోవడంలోనే టీ మేకర్ పనితనమంతా ఉంది. కాస్త ముందు ఆపితే పచ్చివాసన మిగిలిపోతుంది, ఆలస్యమైతే చప్పబడుతుంది. ఆపాలనుకున్న క్షణాన వేడిగాలి డ్రయ్యరులోకి పంపి తేమ నూటికి మూడు పాళ్ళకి దించుతారు. ఇంత చేస్తే నాలుగున్నర కిలోల పచ్చాకుకి ఒక కిలో టీ మిగులుతుంది.

ఈ మార్పులో పుట్టేవి రెండు. బంగారు రంగునీ, నాలుక మీద చురుకునీ ఇచ్చే థియాఫ్లావిన్లు, ఎర్రటి రంగునీ చిక్కదనాన్నీ ఇచ్చే థియారుబిజిన్లు. ఆర్థడాక్స్ ఆకులో ఇవి మెల్లగా దిగుతాయి. బరకగా ఆడించిన కాఫీ పొడిని ఫిల్టరులో వేస్తే ఏమవుతుందో తిరుపతి వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇదీ అంతే. పైగా పాలల్లోని కేసిన్ అనే ప్రోటీన్ ఆ వగరు పదార్థాలనీ కొంత సువాసననీ పట్టేసుకుంటుంది. అందుకే మీకు మొదట రంగు రాలేదు. రంగు కోసం ఇంకా మరిగించారు. అప్పుడు పరిమళం ఆవిరితో పోయింది, వగరు మాత్రం పూర్తిగా దిగింది.

నీళ్ళ సంగతి చాలామంది పట్టించుకోరు, కానీ మన దగ్గర సగం సమస్య అక్కడే ఉంది. కూనూరు దాదాపు 1850 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్ళు 94 డిగ్రీలకే మరుగుతాయి, పైగా కొండనీళ్ళు, ఉప్పులు తక్కువ. తిరుపతి రెండొందల మీటర్ల లోపే ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు మరిగేది దాదాపు నూరు డిగ్రీల దగ్గర. ఇక బోరు నీళ్ళ గురించి మీకే తెలుసు, బకెట్లకీ గీజర్లకీ తెల్లగా పట్టే పొర ఏ నీళ్ళదో. అంటే మీరు అక్కడ తాగిన టీ, ఇక్కడ పెట్టిన టీ ఒకే ఆకుతో పెట్టినా నీళ్ళూ వేరు, వేడీ వేరు. స్టవ్ కట్టేశాక ఒక నిమిషం ఆగమన్నది అందుకే.

మీరు చెప్పిన తెట్టు కల్తీ వల్ల వచ్చింది కాదు. కఠిన జలంలో ఉండే కాల్షియం, బైకార్బనేట్లు టీలోని పదార్థాలతో గాలి తగిలేచోట కలిసి పొరలా కడతాయి. ఆ నీళ్ళలో టీ రంగు కూడా మెరుపు లేకుండా మడ్డిగా, నల్లగా వస్తుంది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడండి, తెట్టు విడిపోతుంది, రంగు ఒక్కసారిగా లేతబడుతుంది. పులుపుకి టీ రంగు మారడం సహజం. నిమ్మకాయ పిండగానే రంగు పోయింది కాబట్టి నకిలీ అని ఒకాయన పాకెట్ వెనక్కి ఇవ్వడానికి వచ్చాడు, ఆయనకి మా కొట్లోనే మూడు రకాల టీలో నిమ్మ పిండి చూపించాల్సి వచ్చింది.

అన్నమయ్య సర్కిల్ వైపు ఉండే ఒక కస్టమరు అయితే, మా కొట్లో పెట్టిచ్చిన టీ బాగుంటుందనీ ఇంటికెళ్తే అదే పొడి పాడైపోతుందనీ, నేను పాకెట్లో వేరే సరుకు కడుతున్నాననీ గట్టిగానే వేసుకున్నారు. తాగేది క్యాన్ నీళ్ళే, టీకి మాత్రం వంటగది ట్యాపు తిప్పుతున్నారు. ట్యాపు ఇచ్చేది బోరు. నీళ్ళు మార్చాక గొడవ లేదు. మున్సిపాలిటీ వదిలే తెలుగుగంగ, కల్యాణి డ్యామ్ నీళ్ళు బోరు కంటే చాలా నయం. ఆర్‌ఓ నీళ్ళు వాడొచ్చు గానీ, ఉప్పులన్నీ తీసేసిన నీళ్ళలో టీ పల్చగా, ఏదో వెలితిగా ఉంటుంది. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పుల కొలత, వంద చుట్టుపక్కల ఉంటే నాకు నచ్చుతుంది. మీ మిషను మరీ ఇరవై, ముప్ఫై చూపిస్తుంటే కొంచెం మున్సిపల్ నీళ్ళు కలపండి. ఒకసారి మరిగి చల్లారిన నీళ్ళని మళ్ళీ మళ్ళీ కాచి వాడొద్దు.

కొలత దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. డస్ట్ టీ, అంటే సన్నటి టీ పొడి, చెంచాడు తూస్తే దాదాపు మూడు గ్రాములుంటుంది. పొడవాటి ఆకు టీ అదే చెంచాతో తీస్తే ఒకటిన్నర కూడా తూగకపోవచ్చు, మధ్యలో అంతా ఖాళీ. అందుకే చెంచా లెక్క నమ్మొద్దు. ఆన్‌లైన్లో దొరికే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, లేదంటే రెండు మూడు సార్లు తూచి మీ చెంచాకి ఎంత వస్తుందో కన్ను అలవాటు చేసుకోండి. పావుకిలో ఆకు కప్పుకి రెండు గ్రాముల చొప్పున 125 కప్పులొస్తుంది, ఆ లెక్కన ఖరీదు మీరు అనుకున్నంత ఉండదు.

గిన్నె స్టీలుదైనా గాజుదైనా సరే, మూత ఉండాలి. ఇనుప గిన్నె వద్దు, ఇనుమూ టీలోని వగరు పదార్థమూ కలిస్తే సిరాలా నల్లబడుతుంది. గొలుసుకి వేలాడే చిల్లుల గోళీలు అమ్ముతారు చూడండి, వాటిలో ఆకు విచ్చుకోవడానికి చోటుండదు. గిన్నెలో విడిగా వేసి జల్లెడతో వడగట్టడమే మేలు. సమయం అయ్యాక ఆకు నీళ్ళలో ఉండిపోకూడదు, అది మాత్రం తప్పదు. టీ బలంగా కావాలంటే ఆకు పెంచండి, నిమిషాలు పెంచొద్దు. కెఫీన్ చాలావరకు మొదటి నిమిషాల్లోనే దిగిపోతుంది, తర్వాత ఆగిన కొద్దీ మీకు దక్కేది ఎక్కువగా వగరే.

వడగట్టాక ఆ తడి ఆకు పారేయకుండా ఒక తెల్లటి సాసరులో పరిచి చూడండి. కూనూరులో టేస్టర్లు కప్పు కంటే ముందు దాన్నే చూసేవాళ్ళు. మెలికలు విడిపోయి ఆకు అంచుల రంపపు పళ్ళు కనిపిస్తాయి, అక్కడక్కడ చిన్న మొగ్గ దొరుకుతుంది. రంగు కొత్త రాగి చెంబులా మెరుస్తుంటే తయారీ బాగున్నట్టు. నల్లగా, నిర్జీవంగా ఉంటే ఎక్కడో ఎక్కువ సేపు ఉంచేశారు, లేదా డ్రయ్యరులో మాడింది. మంచి ఆకు అయితే అదే రెండోసారి ఇంకో నాలుగైదు నిమిషాలు నానబెట్టుకోవచ్చు. సీటీసీతో ఆ పని కుదరదు.

ఇక ఊళ్ళ సంగతి. బ్లాక్ టీ మొదట చేసింది చైనా వాళ్ళు. ఫుజియన్ రాష్ట్రంలోని వూయీ కొండల్లో 17వ శతాబ్దంలో మొదలైందని చెబుతారు. అక్కడి లాప్‌సాంగ్ సూచాంగ్ అనే రకాన్ని పైన్ కట్టెల పొగలో ఆరబెడతారు. తాగితే కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్ళు గుర్తొస్తాయి, నాకు ఎప్పుడూ నచ్చలేదు.

అస్సాం కథ వేరు. అక్కడి అడవుల్లో తేయాకు చెట్టు ముందు నుంచే ఉంది, సింగ్‌ఫో తెగ వాళ్ళు తాగేవాళ్ళు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లాండు వ్యాపారికి అది తెలిసింది, 1839కి అస్సాం టీ లండన్‌లో వేలానికి వెళ్ళింది. అక్కడిది పెద్దాకు రకం, బ్రహ్మపుత్ర లోయలోని వేడికీ వానకీ ఏపుగా పెరుగుతుంది. మే, జూన్ నెలల్లో వచ్చే రెండో కోత శ్రేష్ఠం. చిక్కగా, ఎర్రగా, వేయించిన ధాన్యం లాంటి తీపి వాసనతో ఉంటుంది. నాలుగు నుంచి ఐదు నిమిషాలు పూర్తి వేడి నీళ్ళలో ఉంచొచ్చు. ఆకు టీ తాగాలి, పాలు మానలేను అనేవాళ్ళకి అస్సాం బ్రోకెన్ (విరిగిన ఆకు) రకమే నేను ఇచ్చేది. నీళ్ళలో రెట్టింపు ఆకుతో డికాషన్ తీసి, వేడి పాలు విడిగా కొద్దిగా కలుపుకోవాలి, కలిపి మరిగించకూడదు.

డార్జిలింగ్‌లో ఉన్నది ఎక్కువగా చైనా చిన్నాకు రకం. 1841లో డాక్టర్ క్యాంప్‌బెల్ అక్కడ మొక్కలు పెంచి చూశాడు, తోటలు లేచింది 1850ల్లో. మన దేశంలో భౌగోళిక గుర్తింపు అందుకున్న మొదటి సరుకు డార్జిలింగ్ టీయే. మార్చి, ఏప్రిల్ కోత లేత బంగారు రంగులో పూల వాసనతో ఉంటుంది, దీన్ని 90 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలకి మించి ఉంచొద్దు. మే, జూన్ కోతలో ఒక రకం ద్రాక్షపండు వాసన వస్తుంది. ఆకుని పీల్చే చిన్న పచ్చపురుగులు దానికి కొంత కారణం, పురుగు కుట్టిన ఆకు తన రక్షణ కోసం తయారుచేసుకునే పదార్థాలే ఆ పరిమళం. ఇందులో పాలు పోస్తే డబ్బు పారబోసినట్టే. అల్లం, యాలకులు కూడా వద్దు.

మనకు దగ్గరిది నీలగిరి. చిత్తూరు నుంచి వేలూరు, సేలం మీదుగా వెళ్తే ఒక్క రోజు ప్రయాణం. అక్కడ ఏడాది పొడవునా కోత ఉంటుంది కాబట్టి సరుకు నాణ్యత నెలను బట్టి మారిపోతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా చలికి ఆకు నెమ్మదిగా పెరుగుతుంది, వాసన బాగా పడుతుంది. మంచు పడే రోజుల్లో కోసి చేసేదాన్ని ఫ్రాస్ట్ టీ అని ప్రత్యేకంగా అమ్ముతారు. జూన్ తర్వాత వానల్లో వచ్చేది పల్చన. నీలగిరి టీ అస్సాం అంత బరువుగా ఉండదు, డార్జిలింగ్ అంత సున్నితంగానూ ఉండదు. తేటగా, కాస్త పుల్లపండు వాసనతో ఉంటుంది. పాలు లేకుండా మొదలుపెట్టే వాళ్ళకి ఇదే మంచి దారి, కాబట్టి మీరు కొన్నది సరైనదే. శ్రీలంక టీ కూడా నీలగిరికి దగ్గరి చుట్టమే. 1867లో జేమ్స్ టేలర్ అక్కడ తోట వేశాడు, ఆ తర్వాత ఆకు తెగులుతో కాఫీ తోటలు పోవడంతో దీవి మొత్తం టీకి మళ్ళింది.

పాకెట్ మీద ఓపీ, బీఓపీ, ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ లాంటి అక్షరాలు చూసి కంగారు పడకండి. అవి ప్రధానంగా ఆకు సైజునీ మొగ్గల పాలునీ చెబుతాయి, రుచికి గ్యారంటీ కాదు. బీ ఉంటే విరిగిన ఆకు, త్వరగా దిగుతుంది. వాటికంటే నాకు ముఖ్యమైనవి తోట పేరు, కోత నెల, ప్యాకింగ్ తేదీ. ఇవి చెప్పలేని కొట్లో ఖరీదైన ఆకు కొనొద్దు.

కల్తీ అనుమానం మీకు ఇంకా ఉంటే, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) చెప్పే ఇంటి పరీక్ష ఒకటుంది. ఫిల్టర్ పేపరు మీద ఆకు పరిచి నీళ్ళు చిలకరించి తడపాలి. తర్వాత ఆకు తీసేసి కాగితాన్ని ట్యాపు కింద కడిగి వెలుతురులో చూడాలి. రంగు కలిపి ఉంటే కాగితం మీద మరకలు కనిపిస్తాయి. చల్లటి నీళ్ళ గ్లాసులో వేసి చూసే పరీక్ష డస్ట్ టీ విషయంలో తప్పుదారి పట్టిస్తుంది, మంచి డస్ట్ కూడా కొంత రంగు వదులుతుంది. ఇనుప రజను కోసం అయస్కాంతం తిప్పి చూడొచ్చు.

దాచుకోవడంలో ఒక్క జాగ్రత్త. టీ ఆకు పక్కనున్న వాసన పట్టేస్తుంది. మల్లె టీ చేసేది ఈ గుణంతోనే, ఆకుని మల్లెపూల మధ్య ఉంచి వాసన పట్టిస్తారు. మన ఇళ్ళలో జరిగేది ఇంకోటి. ఒకావిడ తెచ్చిన డార్జిలింగ్ డబ్బా మూత తీస్తే గుప్పున పచ్చకర్పూరం వాసన. పూజ సామాను, అగరొత్తులు ఉన్న అరలోనే డబ్బా కూడా పెట్టారు. దానికి మందు లేదు. గట్టి మూతున్న స్టీలు డబ్బాలో, మసాలాలకీ పూజ గూటికీ దూరంగా పెట్టండి. ఫ్రిజ్ వద్దు, తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో తడి చెంచా డబ్బాలో పెట్టారంటే నెలలోనే ముక్కిపోతుంది.

తీపి కావాలంటే మన చిత్తూరు బెల్లం ఈ టీకి బాగా కుదురుతుంది. పాల టీలో బెల్లం వేసి మరిగిస్తే విరుగుతుందనే భయం ఉంటుంది కదా, పాలే లేనప్పుడు ఆ గొడవ ఉండదు. లేతరంగు బెల్లం కొంచెమే వేయండి, నల్లబెల్లం వేస్తే దాని రుచే పైకొస్తుంది. భోజనం చేస్తూనో, చేసిన వెంటనేనో మాత్రం తాగొద్దు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. భోజనానికి ముందు, తర్వాత కనీసం గంట ఎడం ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు ఇంట్లో ఉంటే ఇది తప్పక పాటించండి.

బైపాసులో హోటల్ నడిపే ఒకరు, ఆకు టీ పెడితే పేరొస్తుందని నన్ను సరుకు అడిగారు. వద్దన్నాను. కొండ దిగొచ్చిన యాత్రికుడు నిలబడి తాగే గ్లాసులో చిక్కటి పాలూ డస్ట్ టీయే ఉండాలి, మూడున్నర నిమిషాలు ఆగే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు. మీ ఇంట్లో కూడా రెండూ పెట్టుకోండి. పొద్దున అందరికీ పాల టీ, సాయంత్రం మీకొక్కరికి ఆకు టీ.

ఎండలు ముదిరాక మిగిలిన ఆకుని ఇంకోలా వాడొచ్చు. లీటరు మంచినీళ్ళకి పది గ్రాముల ఆకు వేసి, మూతపెట్టి రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, ఎనిమిది గంటల తర్వాత వడగట్టండి. వేడి నీళ్ళు తగలవు కాబట్టి వగరు చాలా తక్కువ. వేడిగా పెట్టి చల్లార్చిన అస్సాం టీ ఫ్రిజ్‌లో మబ్బుగా మారుతుంది, నీలగిరి తేటగా నిలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తాగేయండి.

మీ పాకెట్ మీద గ్రేడు అక్షరాలు, ప్యాకింగ్ నెల ఏం రాసుందో, మీ ట్యాపుకి వచ్చేది బోరా మున్సిపాలిటీయా చెప్పండి. దాన్ని బట్టి నిమిషాలు కొంచెం అటూ ఇటూ మార్చి చెబుతాను.